తెరిచి ఉంచిన సొరుగు

ఆఫీసులో అందరూ అతన్ని పిల్లి అంటారు. మొదట్లో కాలుగాలిన పిల్లి అనేవారు. రోజుకి అన్నిసార్లు అంత పొడుగు పేరు పిలవలేక, కాలిన కాలు వదిలేసి పిల్లిని ఉంచుకున్నారు. అతనికేం కోపం లేదు. కోపం రావాలన్నా మనిషి ఒకచోట కాసేపు నిలబడాలి కదా.

కుర్చీలో కూర్చుంటే కాలు ఊపుతాడు. కాలు ఆపమంటే పెన్ను మూత తీసి పెడుతుంటాడు. పెన్ను లాక్కుంటే లేచి కిటికీ దాకా వెళ్ళి వస్తాడు. ఇంట్లో భోజనం మధ్యలో లేచి గ్యాస్ కట్టేశారో లేదో చూసి వస్తాడు. అన్నింటికన్నా పెద్ద జబ్బు ఇంకొకటుంది. తెరిచి ఉన్నదేదైనా కంటపడితే మూసేదాకా ఊరుకోలేడు. బీరువా తలుపు, సీసా మూత, పక్కవాడి టిఫిన్ డబ్బా, మరీ ముఖ్యంగా సొరుగులు. ఒకసారి భార్య వంటింట్లో గరిటె కోసం వెతుకుతుంటే వెనకనుంచి వచ్చి సొరుగు మూసేశాడు. ఆమె చెయ్యి ఇంకా అందులోనే ఉంది. "కట్టుకున్నదాన్ని కూడా సొరుగులో పెట్టి మూసే మనిషండీ" అని ఆమె ఇప్పటికీ చుట్టాలకి వేలు చూపించి చెబుతుంది.

ఈ అలవాటు తల్లి దగ్గర అబ్బింది. ఆవిడ ఆరోగ్యం బాగున్నన్నాళ్ళూ మందుల షాపులో పనిచేసింది. షాపు వెనక గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులు. బడి వదలగానే కొడుకు వచ్చి ఆ గోడ కింద పీట వేసుకుని కూర్చునేవాడు. ఒక సొరుగులో మాత్ర ఇంకో సొరుగులో పడితే ఎవరి ప్రాణాల మీదికి వస్తుందో తెలియదని ఆవిడ భయం. "తీసిన చెయ్యే మూయాలి" అనేది. తను మరిచిపోయినవి వాడిచేత మూయించేది. ఇంకో పట్టింపు కూడా ఉండేది ఆవిడకి, ముందొచ్చిన వాళ్ళకి ముందు. ఒకసారి వాడికే జ్వరం వస్తే, మాత్ర కోసం వాణ్ణి కౌంటరుకి అవతలపక్క వరసలో నిలబెట్టింది. షాపుకి వచ్చినవాళ్ళు అయ్యో పసివాడు, ముందు వాడికివ్వమ్మా అంటే, "వాడి ముందున్నవాళ్ళ జ్వరం జ్వరం కాదా" అంది. తల్లి కాదు, రాయి అనుకున్నారు అందరూ.

ఆ పిల్లాడే పెరిగి పెద్దవాడై అంబులెన్సుల ఆఫీసులో చేరాడు. బండి నడపడు, బండి ఎక్కడు. కింది అంతస్తులో, ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకోవాల్సినంత చల్లటి గదిలో, సర్వర్లను కనిపెట్టుకుని ఉంటాడు. పైన హాల్లో ఫోన్లు ఎత్తేవాళ్ళు ఎవరికి, ఎక్కడ, ఏమైంది అని అడిగి టైపు చేసి నొక్కుతారు. ఆ కబురు కిందికి దిగి, సర్వరు లోంచి దగ్గర్లో ఉన్న బండిని వెతుక్కుని, డ్రైవరు ముందున్న తెరమీద వాలుతుంది. మధ్యలో ఎక్కడా ఆగకూడదు. అది ఆగకుండా చూడటమే అతని ఉద్యోగం.

అక్కడున్నవి బ్లేడ్ సర్వర్లు. పేరుకి కత్తులేగాని చూడటానికి సొరుగులే. పెద్ద ఇనప పెట్టెలో పక్కపక్కనే నిలువుగా దూర్చిన సన్నటి సొరుగులు, లాగితే వస్తాయి, తోస్తే టక్కున కూర్చుంటాయి. ఒక్కో బ్లేడుని లోపల మళ్ళీ వాటాలు వేస్తారు. పార్టిషన్లంటారు. ఇల్లు పంచుకున్న అన్నదమ్ముల్లాగా కప్పు ఒకటే అయినా ఎవరి పొయ్యి వారిది. ప్రతి వాటాకి ఒక కనెక్షన్ ప్రొఫైల్ ఉంటుంది. నెట్‌వర్కులో ఏ చిరునామాతో పలకాలి, ఏ దారిన మాట్లాడాలి అన్నదంతా అందులోనే ఉంటుంది. బయటివాళ్ళకి ఆ ఇనుముతో పనిలేదు. ప్రొఫైల్ ఎక్కడుంటే వాళ్ళు వెతికేది అక్కడే. అందుకే ఒక బ్లేడు జబ్బుపడితే దాని ప్రొఫైల్ తీసి, ఖాళీగా ఉన్న ఇంకో బ్లేడులో వాటాకి తగిలిస్తారు. హాల్లో ఎవరికీ మారినట్టే తెలియదు.

ఒక్కటే ప్రమాదం. జబ్బుపడ్డ బ్లేడు ఒక్కోసారి తన ప్రొఫైల్ని వదలమన్నా వదలదు, లోపల నకలు దాచుకుంటుంది. మళ్ళీ కరెంటు తగిలిందా, నేనే అసలుదాన్ని అంటూ లేచి కూర్చుంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఒకే పిలుపుకి రెండు కత్తులు పలుకుతాయి. కబురు కాసేపు దీనికి పోతుంది, కాసేపు దానికి పోతుంది. పాతదానికి పోయినవి అక్కడే పడి ఉంటాయి.

అలా జరక్కుండా ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. తీసేసిన బ్లేడుని నాలుగు వేళ్ళంత బయటికి లాగి వదిలేస్తారు. కరెంటు అందదు. పూర్తిగా తీసేద్దామంటే ఆ కంతలోంచి చల్లగాలి దారితప్పి పక్క బ్లేడులు వేడెక్కుతాయి. కంతకి బిగించే రేకు స్టోరు నుంచి రావాలి, స్టోరు సంగతి అందరికీ తెలిసిందే. రేకు వచ్చేదాకా ఆ సొరుగు అలా సగం తెరుచుకునే ఉండాలి. దాని జోలికి ఎవరూ పోకూడదు. ఇలాంటి పద్ధతి ఉన్న గదిలో ఇలాంటి మనిషికి ఉద్యోగమిచ్చిన దేవుడి హాస్యానికి దణ్ణం పెట్టాలి.

ఆ రోజు పొద్దున్నే తల్లికి ఆయాసం మొదలైంది. ఈ మధ్య అప్పుడప్పుడూ వస్తోంది. డాక్టరు ముందే చెప్పాడు, ఎక్కువైతే ఆటోలో ఎక్కించి తీసుకురావద్దు, ఆక్సిజన్ ఉన్న బండినే పిలవండి అని. అతను చెప్పులు వేసుకున్నాడు, విప్పాడు, మళ్ళీ వేసుకున్నాడు.

"ఇవాళ సెలవు పెడతానమ్మా."

"పెట్టి ఏం చేస్తావురా? నా చుట్టూ తిరుగుతావు. నువ్వు తిరుగుతుంటే చూసి నాకు ఇంకా ఆయాసం. వెళ్ళు."

భార్య నవ్వింది. "మీరు వెళ్ళండి. నేనున్నాగా. ఏదైనా అయితే ఫోన్ చేస్తాను."

వెళ్ళాడుగాని మనసు ఇంటి దగ్గరే ఉండిపోయింది. పైగా ఆ రోజే పెద్ద పని పడింది. బళ్ళకి కబుర్లు పంపే వాటా ఉన్న బ్లేడు నాలుగు రోజులుగా నలతగా ఉంది. మధ్యాహ్నం ఫోన్లు కాస్త తగ్గుతాయి కాబట్టి అప్పుడు దాని ప్రొఫైల్ మార్చాలనుకున్నారు. అతనికి జోడీగా పనిచేసే ఆయనకి ఆఫీసు పెట్టిన పేరు నింపాది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు. పిడుగు పడినా ముందు టీ తాగేసి తర్వాత ఎక్కడ పడిందని అడుగుతాడు. వీళ్ళిద్దర్నీ ఒకే షిఫ్టులో వేసినవాడు తెలివైనవాడే.

పని సజావుగా జరిగింది. ప్రొఫైల్ కొత్త బ్లేడులోని వాటాకి చేరింది. పాతది అనుకున్నట్టే మొండికేసింది, వదలమంటే వదల్లేదు. పిల్లి దాన్ని నాలుగు వేళ్ళంత బయటికి లాగాడు. పైన హాలు మేడమ్‌కి ఫోన్ చేస్తే అంతా బాగానే ఉందంది. ఆవిడే ఆ ఫోన్లవాళ్ళందరికీ పెద్ద.

"నేను స్టోరుకి వెళ్ళి రేకు పట్టుకొస్తా" అన్నాడు నింపాది. "నువ్వు కాస్త కూర్చో. కుర్చీలున్నది కూర్చోడానికే."

ఆయన అటు వెళ్ళాడు, ఇటు ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, అత్తయ్యకి ఎక్కువైంది. పడుకోలేకపోతోంది, కూర్చోలేకపోతోంది. పెదాలు రంగు మారుతున్నాయి."

కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో తెలియదు. ఫోన్ చెవికి ఆనించుకుని ఆ పెట్టెల వరస పొడుగునా నడుస్తున్నాడు. "అంబులెన్సుకి చెయ్యి. ఆక్సిజన్ కావాలని చెప్పు. మన నంబరే, నేనిక్కడే ఉన్నాగా, వెంటనే వస్తుంది. కిటికీలు తెరువు. వెనక దిండు పెట్టు." వరస చివరిదాకా వెళ్ళి తిరిగాడు. మాట ఇంట్లో ఉంది, కన్ను ఇంట్లో ఉంది, చెయ్యి మాత్రం గదిలోనే ఉంది. దారిలో ఏదో సొరుగు తెరుచుకుని ఉంది. చెయ్యి దాన్ని తోసింది. టక్కుమంది. అతను ఆగలేదు, చూడలేదు, వినలేదు. చిన్నప్పుడు ఆ గోడ కింద కూర్చున్న పిల్లాడు ఎన్ని వందలసార్లు చేశాడో ఆ పని. అలవాటులో పొరపాటంటారే, అది మనిషిని అడిగి జరగదు.

భార్య ఫోన్ చేసింది. పైన హాల్లో ఎవరో ఎత్తి, చిరునామా టైపు చేసి నొక్కి, బండి వస్తోందమ్మా అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. వాళ్ళ తెరమీద కబురు అందింది అని పడింది. అందిందిగాని ఎవరికి అందిందో వాళ్ళకేం తెలుసు?

అతను మళ్ళీ చేశాడు. "వచ్చిందా?"

"వస్తోందన్నారు."

కాసేపటికి మళ్ళీ చేశాడు. "వీధి చివరికి వచ్చి చూడు."

"అత్తయ్యని వదిలి వీధి చివరికెలా వెళ్ళను? మీరొకసారి అక్కడ కనుక్కోండి. వస్తోందని ఎంతసేపు వస్తుంది?" వెనకనుంచి తల్లి ఊపిరి వినబడుతోంది, రంపం కోత లాగా. ఆ చప్పుడు విన్నాక అతను లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లన్నీ ఎక్కి హాల్లో పడ్డాడు.

"మేడమ్, మా ఇంటికి బండి వెళ్ళిందా?"

హాలు మేడమ్ ఫోన్ నంబరు పట్టి వెతికింది. కబురు అందింది అని ఉంది, దాని ఎదురుగా బండి గడి ఖాళీగా ఉంది. "ఇదేంటి? ఇందాకట్నుంచి ఒకటి రెండు ఇలాగే ఉన్నాయి, మిగతావి మామూలుగా వెళ్తున్నాయి. మీరు ఏదో మార్చామన్నారుగా, సర్దుకుంటుందిలే అనుకున్నా." అతను కిటికీలోంచి కిందికి చూశాడు. పెరట్లో డ్రైవర్లు నీడన నిలబడి టీ తాగుతున్నారు. ఏ తప్పూ లేకుండా, ఏ కబురూ లేకుండా.

కొన్ని వెళ్తున్నాయి, కొన్ని ఆగుతున్నాయి. ఆ మాట వినగానే అతని అరచేతిలోకి ఏదో చల్లగా వచ్చింది. టక్కుమన్న చప్పుడు ఇప్పుడు వినబడింది.

మెట్లు ఎలా దిగాడో తెలియదు. గదిలో నింపాది రేకు చంకలో పెట్టుకుని పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. వరసంతా నున్నగా, పళ్ళు పేర్చినట్టు సమంగా ఉంది. పాత బ్లేడు మీద దీపం పచ్చగా వెలుగుతోంది.

"దీన్నెవరు తోశారు? ఊడ్చే ఆవిడ గానీ వచ్చిందా?"

"రాలేదు. నేనే."

నింపాది చెయ్యి పిడి మీదికి వెళ్ళింది. పిల్లి ఆపాడు. "లాగకు. పైన నంబర్లే ఉంటాయి, చిరునామాలు దీంట్లోనే పడ్డాయి. లాగితే పోతాయి. ముందు చదవాలి."

బ్లేడుకి తెర తగిలించారు. కబుర్లు రెండే ఉన్నాయి. మొదటిది, ఇళ్ళకి రంగులు వేసే మనిషి నిచ్చెన మీంచి పడ్డాడు, తలకి దెబ్బ, తెలివిలేదు. రెండోది అతని ఇల్లు. రెండూ ఊరి వంతెనకి అవతలవైపే. అతను హాలు మేడమ్‌కి ఫోన్ కలిపాడు.

"చదవండి, నేను చేత్తో పంపిస్తా" అంది ఆవిడ. "కానీ ఆ వైపు ఇప్పుడు ఒక్క బండే ఖాళీగా ఉంది. రెండోది మన పెరట్లోంచి వంతెన దాటి వెళ్ళాలి. ముందు ఏది?"

నింపాది తెరమీద రెండో వరస మీద వేలు పెట్టాడు. "మీ ఇల్లు చదువు" అన్నాడు మెల్లగా. "రెండూ ప్రాణం మీదివే. ఏది ముందని ఎవరడుగుతారు? ఎవరికి తెలుస్తుంది?"

నిజమే, ఎవరికీ తెలియదు. అతనికి ఆ క్షణంలో తల్లి మీద పీకలదాకా కోపం వచ్చింది. కౌంటరు అవతల, జ్వరంతో, పెద్దవాళ్ళ నడుముల మధ్య నిలబడ్డ తను కనిపించాడు. సొంత కొడుకుని ముందు పంపే మనుషులు లోకంలో ఎంతమంది లేరు, ఈవిడకే ఎందుకొచ్చిందా పట్టింపు అనుకున్నాడు. ఇంకో తల్లి అయితే ఇప్పుడు బతికిపోయేది.

"రంగులేసే అతను" అన్నాడు. చిరునామా చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత తన వీధి, తన ఇంటి నంబరు చదివాడు, ముక్కూమొహం తెలియని వాళ్ళవి చదివినట్టు. ఆ తర్వాత పాత బ్లేడుని పట్టి లాగి, పూర్తిగా బయటికి తీసి, నేలమీద పెట్టేశాడు. నింపాది కంతకి రేకు బిగించాడు.

ఇక చెయ్యడానికేం లేదు. భార్యకి ఫోన్ చేసి చెప్పాడు, బండి ఆఫీసు దగ్గర్నుంచి వంతెన దాటి వస్తోందని. ఎందుకు అంత దూరంనుంచి అని ఆమె అడిగింది. తర్వాత చెబుతానన్నాడు. తెరమీద రెండు బళ్ళు రెండు చుక్కల్లా కదులుతున్నాయి. ఒకటి చకచకా పోయి రంగులేసే అతని వీధిలో ఆగింది. రెండోది వంతెన మొదట్లో బళ్ళ మధ్య ఇరుక్కుంది. కదలదు. ఇంత జీవితంలో మొదటిసారి అతను కాలు ఊపకుండా కూర్చున్నాడు. ఊపితే ఆ చుక్క ఆగిపోతుందని భయం. నింపాది మాత్రం పెట్టెల మధ్య అటూ ఇటూ తిరిగాడు, టీ కూడా తాగలేదు. చుక్క కదిలింది, ఆగింది, కదిలింది. వంతెన దిగింది. దిగాక అతను ఊపిరి పీల్చుకున్నాడు, అప్పటిదాకా పీల్చాడో లేదో.

సాయంత్రం ఆసుపత్రిలో తల్లి ముక్కుకి, నోటికి మాస్కు ఉంది. ఇంకాసేపు ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టరు అన్నాడు. ఆ మాట భార్య విన్నది. అతను జరిగిందంతా చెప్పాడు, తోసిన చెయ్యితో సహా. 

"తోసింది సరే, మీకు తెలియకుండా జరిగింది" అంది ఆమె. "కానీ చదివింది తెలిసే చదివారుగా. అత్తయ్య పెదాలు నల్లబడటం మీరు చూడలేదు. నేను చూశాను. మీ చేతిలోనే ఉంది కదా, ముందు మనది చదివితే ఏం పోయేది?"

అతను తల వంచుకున్నాడు. మంచం మీద తల్లి కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎంత విన్నదో తెలియదు. మాస్కు కాస్త పక్కకి జరిపింది.

"ముందు ఎవరు?"

"రంగులేసే అతనమ్మా. నిచ్చెన మీంచి పడ్డాడు."

"బతికాడా?"

"బతికాడు. ఇందాక తెలివొచ్చిందట."

ఆవిడ తల ఆడించింది. ఆ ఒక్క ఊపుతో అతనికి ఏడుపు వచ్చేసింది. కోడలు అటు తిరిగి కిటికీ రెక్క సర్దింది. ఆవిడ చెయ్యి చాపి కోడలి చీర కొంగు పట్టుకుని, వదల్లేదు.

కాసేపయ్యాక ఆవిడ చూపు మంచం పక్కనున్న బల్ల మీద ఆగింది. దాని సొరుగు సగం తెరుచుకుని ఉంది. ఆవిడ కొడుకు వంక చూసింది, సొరుగు వంక చూసింది. అతనూ చూశాడు. చెయ్యి దానంతటది లేచింది. సగం దూరం వెళ్ళి ఆగింది. దాన్ని మరో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మూయరా" అంది తల్లి.

"ఉండనీ అమ్మా. ఎవరో ఎందుకో తెరిచి పెట్టారేమో."

వీడికి జ్వరం గానీ వచ్చిందా అన్నట్టు ఆవిడ కొడుకు వంక చూసింది. తర్వాత తనే ఓపిక తెచ్చుకుని, చెయ్యి చాపి, ఆ సొరుగు తోసేసింది. టక్కుమంది. అతను కుర్చీలోంచి ఎగిరిపడి లేచాడు. సొరుగు లాగి చూశాడు. లోపల దూది, ఒక ఖాళీ సీసా తప్ప ఏమీ లేవు. ఏమీ లేవని రెండోసారి కూడా చూశాడు. చూసి, దాన్ని మూయకుండా, నాలుగు వేళ్ళంత తెరిచి ఉంచి, తల్లి మంచం దగ్గర మళ్ళీ కూర్చున్నాడు.